మన అబ్బాయిల అడుగులు ఎటు?

సోదరులారా! సెలవులు రాగానే మన మగపిల్లలు కూడా డ్యాన్సు క్లాసులకు పరుగెడుతున్నారు. 2009లో మొదలైన ‘ఢీ’ వంటి టీవీ పోటీలు చూస్తూ పెరిగినవారు మరి! సినిమా పాటలకు నడుము తిప్పడం విశ్వాసుల బిడ్డలకు తగదు. కాని తప్పంతా పిల్లలదేనా?

పండుగనాడు మస్జిదె నబవీలో అబిసీనియా వారు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) వారించలేదు. హజ్రత్ ఆయిషా (ర.అన్హా)కు స్వయంగా చూపించారని బుఖారీ హదీసులో ఉంది. విలువిద్యలో పోటీపడే యువకులనూ ఆయన ప్రోత్సహించారు. మనమో? మస్జిదులో పిల్లవాడు నవ్వితే వెనక సఫ్‌లోంచి కూడా గెంటేస్తాం. ఈత నేర్పం, మైదానానికి తీసుకెళ్లం. డ్యాన్సు మాస్టారు మాత్రం వాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు, భుజం తడతాడు.

ఈ రోజు అసర్ నమాజు కాగానే మీ అబ్బాయితో అరగంట బంతి ఆడండి. మగ్రిబ్‌కు వెంటబెట్టుకుని రండి.