మాటకారి డ్రైవరు, మౌని డ్రైవరు



అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయం మీరు గుడిలో చాలాసార్లు విన్నారు. ఇతియోపియా రాణి కందాకే కోశాధికారి యెరూషలేములో ఆరాధన ముగించుకొని, గాజాకు పోయే దారిన రథం మీద తిరిగి వెళ్తున్నాడు. చేతిలో యెషయా గ్రంథం. ఫిలిప్పు పరుగెత్తి రథాన్ని అందుకున్నాడు, ఎక్కి ప్రక్కన కూర్చున్నాడు, లేఖనం విప్పి చెప్పాడు. నీళ్లు కనిపించగానే ఆ అధికారి రథాన్ని ఆపమని ఆజ్ఞాపించాడు. ఎవరిని ఆపమన్నాడు? గ్రంథం చదువుకుంటున్న మనిషి పగ్గాలు కూడా పట్టుకుంటాడా? ఆ రథానికి ఒక సారథి ఉండి ఉండాలి!

లూకా అతని పేరు వ్రాయలేదు. అతడు ఒక్క మాట పలికినట్లు కూడా లేదు. కాని బండి నడిపేవాని చెవిని దాటి ఆ బోధ పోతుందా? ఆనాడు చదువుతున్న భాగమేమో, బొచ్చు కత్తిరించేవాని ముందు నిలిచిన గొర్రె వలె నోరు తెరవని సేవకుని గురించినది. మౌనంగా బాధపడినవాని కథను, మౌనంగా బండి తోలేవాడు విన్నాడన్నమాట.

మన విచారణల్లో డ్రైవింగు మీద బ్రతికే కుటుంబాలు తక్కువేమీ కావు. ఆటో, లారీ, ఆర్.టి.సి. బస్సు, స్కూలు వ్యాను, ఇప్పుడు ఫోనులో పిలిస్తే వచ్చే కారు. ఈ సహోదరుల్లో రెండు రకాల వారిని మీరు చూస్తూనే ఉన్నారు. ఒకాయన స్టాండులో దిగితే చాలు, పదిమంది చుట్టూ చేరతారు. ఇంకొకాయన బండి తుడుచుకుంటూ ఒక మూల ఉంటాడు. అడిగితే జవాబు చెబుతాడు, అంతే. మానసిక శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రచురించిన గ్రంథం ద్వారా ఈ తేడాకు అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే పేర్లు లోకమంతా వ్యాపించాయి. ప్రతి మనిషిలోనూ రెండూ ఉంటాయని, ఒకటి ముందుకు వస్తుందని ఆయనే చెప్పాడు. మనం మాత్రం ఒకరికి ‘కలుపుగోలు మనిషి’ అని, రెండవవారికి ‘పొగరు’ అని పేరు పెట్టేస్తాము.

ఆ రెండవ మాట అన్యాయం. మూసిన నోటి వెనుక గర్వమే ఉందని ఎవరు చెప్పారు? పునీత జోజప్పగారు పలికిన మాట సువార్తల్లో ఒక్కటి కూడా లేదు. కలలో దూత చెప్పినది విన్నాడు, లేచాడు, రాత్రికి రాత్రే బిడ్డను, తల్లిని తీసుకొని ఐగుప్తుకు బయలుదేరాడు. ఆ రాత్రి ప్రయాణంలో ఆయన ఎన్ని మాటలు మాట్లాడి ఉంటాడో మీరే ఊహించుకోండి.

మాటకారిని నేను తక్కువ చేయడం లేదు. మాట ఒక వరమే. దారి తెలియని ఊరిలో నలుగురిని అడిగి బండి చేర్చేది అతడే. ఆసుపత్రికి పోతున్న ముసలమ్మకు ఆటోలో ధైర్యం చెప్పేది అతడే. తెల్లవారుజామున, అందరికీ నిద్ర ముంచుకొచ్చే ఆ గంటల్లో, క్లీనరుతో కబుర్లాడుతూ తానూ మేలుకొని వాడినీ మేలుకొలిపేది అతడే. అయితే వరం ఉన్నచోట ఆపద కూడా ఉంటుంది. చెవికి ఫోను ఆనించి నడిపేవారిలో ఎక్కువమంది ఎవరో నేను లెక్క తీయలేదు గాని, మాట లేకుండా ఉండలేనివానికి ఆ శోధన బలమైనదని చెప్పగలను. మరొకటి ఉంది. వెనుక సీటులో కూర్చున్నవారు తమ కష్టాలన్నీ డ్రైవరు ముందే మాట్లాడుకుంటారు: కూతురి కాపురం, అప్పు, కోర్టు వ్యవహారం. ఆ మాటలు సాయంత్రం స్టాండులో కథలై నవ్వులపాలు కావచ్చు. ఒకరి కన్నీటిని మరొకరికి వినోదంగా వడ్డించడం చిన్న పాపం కాదు, సహోదరా.

ఇక మౌనికి వచ్చే ఆపద వేరు. ఇంటి దగ్గర మొదలవుతుంది. నాలుగు రోజుల లోడు దింపి వచ్చిన మనిషి గడప దాటి లోపలికి వస్తాడు. భార్య పిల్లల ఫీజు, గ్యాసు, మామగారి జబ్బు అన్నీ ఒక్కసారే చెబుతుంది. ఆమె తప్పు కాదు, నాలుగు రోజులుగా మనసులో పెట్టుకున్నవి ఎవరికి చెప్పుకుంటుంది? అతడు ‘ఊఁ’ అంటాడు. స్నానం చేసి పడుకుంటాడు. “ఆయనకు మామీద ప్రేమ లేదు ఫాదర్” అనే మాట ఇలాంటి ఇళ్లలోనే పుడుతుంది. అతని చెవుల్లో ఇంకా ఇంజను మ్రోగుతూనే ఉంటుందమ్మా. దారిలో కళ్ల ముందు జరిగిన ప్రమాదం ఒకటి లోపల తిరుగుతూ ఉండవచ్చు. మాటకారి అయితే దాన్ని పదిమందికి చెప్పి దింపుకుంటాడు. ఇతడు మోస్తూనే ఉంటాడు. మోయలేనప్పుడు సీసా దగ్గరకు పోతాడు. డ్రైవరు త్రాగుడు గురించి గుడిలో మనం చాలా ప్రసంగాలు విన్నాము. ఆ సీసాకు ముందున్న మౌనం గురించి ఎన్ని విన్నాము?

అలసట మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అన్నది సాధారణ పరిమితిగా పెట్టింది. ఐదు గంటల పనికి మించకుండా కనీసం అరగంట విరామం ఉండాలన్నది. పెద్దగా అడిగేవాడు తన విరామం తాను తీసుకుంటాడు. నోరులేనివాని మీదనే రెండవ ట్రిప్పు పడుతుంది. మన కథోలిక కుటుంబాల్లో బండ్ల యజమానులు కూడా ఉన్నారు. ఈ వాక్యం వారు రెండుసార్లు చదవాలని నా విన్నపం.

2007లో వాటికన్‌లోని వలసదారుల, సంచారుల సేవా మండలి రహదారి గురించి మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో వాహనదారులకు పది ఆజ్ఞలు ఉన్నాయి. మొదటిది చంపరాదన్నదే. రోడ్డు మనుషుల మధ్య సహవాసానికి సాధనం కావాలన్నది రెండవది. మాట్లాడనివాడు సహవాసం ఎలా చేస్తాడని మీరడగవచ్చు. రాత్రిపూట హైవే మీద చూడండి. ఎదురు బండికి లైటు తగ్గించడం, వెనుకవానికి చేయి ఊపి దారి ఇవ్వడం, ఆగిపోయిన లారీ ప్రక్కన బండి నిలిపి జాకీ అందించడం... ఇవన్నీ మాటలు లేని భాషే. ఇందులో మౌని వెనుకబడడు. బండి తోలే తీరే మనిషిని పట్టిస్తుందని రాజుల రెండవ గ్రంథం కూడా అంటుంది. బురుజు మీది కావలివాడు దూరాన వస్తున్న రథపు వేగం చూసే, వచ్చేది యెహూ అయి ఉంటాడని గుర్తుపట్టాడు (9:20). మెచ్చుకోలుగా కాదులెండి.

మంచి సమరీయుడు గాయపడినవానితో ఏమన్నాడో లూకా చెప్పలేదు. నూనె, ద్రాక్షరసం పోశాడు, కట్లు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు. నోరు తెరిచింది సత్రం యజమాని దగ్గర, అదీ డబ్బు సంగతి చెప్పడానికి. మౌనియైన డ్రైవరు రోడ్డు ప్రమాదం దగ్గర ఆగడానికి జంకేది రక్తం చూసి కాకపోవచ్చు, తరువాత వచ్చే ప్రశ్నలకు కావచ్చు. అటువంటి సహోదరుడు తెలుసుకోవలసింది ఉంది. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ, 2020లో వచ్చిన నియమాలు సాయం చేసినవానికి రక్షణ ఇచ్చాయి. గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చి, తన పేరైనా చెప్పకుండా వెళ్లిపోవచ్చు. బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు.

ప్రయాణికులమైన మనకు కూడా ఒక మాట. 2019లో అమెరికాలో ఉబర్ సంస్థ ఖరీదైన కార్లలో ఒక సౌకర్యం పెట్టింది. డ్రైవరు మాట్లాడవద్దనుకుంటే ప్రయాణికుడు ముందే ఫోనులో నొక్కి చెప్పవచ్చు. ఆ మీట ఉన్నది ప్రయాణికుని చేతిలో. మన ఊళ్లలో దిగేటప్పుడు నక్షత్రాలు ఇచ్చేది కూడా మనమే. జాగ్రత్తగా దింపినవానికి, మాట్లాడలేదన్న కారణాన ఒక నక్షత్రం కోసేయకండి.

మౌనంగా ఉండే సహోదరులు పాపసంకీర్తనానికి రావడానికి కూడా వెనుకాడతారని గురువులకు తెలుసు. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో అని బెదురు. అక్కడ ఉపన్యాసం అక్కరలేదు. “నాకు చెప్పడం రాదు ఫాదర్, అడగండి” అంటే గురువు అడుగుతారు, మీరు అవునో కాదో చెప్పవచ్చు. శనివారం రాత్రంతా బండి నడిపి ఆదివారం ఉదయం లేవలేనివారికి, శనివారం సాయంత్రపు దివ్యపూజతో ఆదివారపు కర్తవ్యం నెరవేరుతుందని శ్రీసభ చట్టమే చెబుతున్నది. మీ విచారణలో ఆ పూజ ఏ గంటకో కనుక్కొని, ఆయన బండి తీయకముందే చెప్పండి.