నిలువ చేసిన వెలుగు ఎవరిది?



2016 డిసెంబరులో వర్ధా తుఫాను, 2023 డిసెంబరులో మిచాంగ్ వర్షము వచ్చినప్పుడు మన వ్యాసర్పాడిలో కరెంటు లేని రాత్రులు గడిపితిమి. అట్టి రాత్రి ఇన్వర్టరున్న ఇంట వెలుగు, ప్రక్కింట చీకటి. డబ్బిచ్చి కొన్న బ్యాటరీ మనదే. అయితే ఆపద రాత్రి అందులోని కరెంటంతయు మనదేనా?

లెక్క చూతము. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్ల శక్తి యుండును; చేతికి వచ్చునది అంతకు తక్కువే. 75 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగిన 600 ఖర్చగును. దానితో సుమారు 30 సెల్‌ఫోన్లు చార్జి చేయవచ్చును. మనకు ఒక రాత్రి గాలి. 30 కుటుంబములకు తమవారి క్షేమవార్త.

పసిఫిక్ సముద్రములోని అమెరికన్ సమోవాలో తౌ అను చిన్న దీవి కలదు. 2016లో అక్కడ సోలార్ పలకలతోపాటు 60 పెద్ద బ్యాటరీలు అమర్చిరి. మూడు రోజులు ఎండ లేకున్నను దీవికి కరెంటు అందునట్లు ఏర్పాటు చేసిరి. అక్కడ నిలువ అందరిది. మన వీధులలోనో, కొనగలిగిన ఇంటికే బ్యాటరీ.

ఇంట ముసలివారున్నారు, వారికి ఫ్యాను వద్దా అని కొందరు అడుగుదురు. న్యాయమే. వారి అక్కరకు కొంత ఉంచుకొని, టీవీ ఆపుదము. నెబ్యులైజరు వాడు పొరుగువారిని ముందు పిలుతము, తరువాత ఫోన్లు. చీకటిలో వాదించుకొనుట కష్టము గనుక, తుఫాను హెచ్చరిక వినినప్పుడే వీధివారమందరము కూడి ఈ వరుస నిర్ణయించుకొందము.