మోర్, మారె

రెండు శబ్దములు ఒక్కరీతిగా వినవచ్చినంతనే వానికి ఏకధాతువును కల్పించు మన ప్రాచీన నైరుక్తుల ఉత్సాహమును నేటి భాషాశాస్త్రజ్ఞులు పరిహసింతురు. ఆ పరిహాసము న్యాయమే యని యెఱిగియు నేను సమాధానపడలేకున్నాను.

ఐర్లండు పడమటి తీరమున ఇనిష్ మోర్ అను ద్వీపము గలదు. చుట్టును సముద్రమే యైనను ఆ పేరిట 'మోర్' అనగా పెద్దది. ఫ్రాన్సునందలి బ్రెటన్ సీమలో 1790లో ఏర్పడిన మండలమునకు, అచ్చటి అఖాతమునుబట్టి, మోర్బియాన్ అని పేరు. అందు 'మోర్' సముద్రము, మిగిలినది చిన్నది. వేల్సులోను మోర్ సముద్రమే. పెద్దదానిని అచ్చట మౌర్ అందురు. పండితులు దీనిని క్షణములో తేల్చివేయుదురు. సముద్రవాచకము లాటిన్ 'మారె'కు దాయాది. పెద్ద యను మాట వేఱొక వంశము, సీజరు నెదిరించి మడిసిన ఇందుతియోమారుస్ వంటి గాలు నాయకుల పేళ్ల చివర నిలిచినది అదియే. ప్రాచీన ఐరిషులో దానికి మార్, మోర్ అని రెండు రూపములుండెను. అందు రెండవది మిగులుటచే, సముద్రమునకు ఆవలి గట్టున సముద్రమనబడు ధ్వని ఈవలి గట్టున పెద్దదను అర్థము నిచ్చుచున్నది. ఇది కేవలము యాదృచ్ఛికమట! యాదృచ్ఛికమనుట సమాధానమా, లేక సమాధానము చెప్పుట మానుకొనుటయా?

కెల్టిక్ భాషలలో దాపునకు వచ్చి ఆగిపోయిన ఈ రెండర్థములును, లాటిన్ సంతతిలో తూర్పుకొసనున్న రుమేనియన్ భాషయందు ఒక్క రూపమున నిలిచినవి. సముద్రము మారె, మోల్దావియా ప్రభువైన స్తెఫానును గొప్పవాడని చెప్పు 'చెల్ మారె' బిరుదునందును మారెయే. ఈ రెండవదానిని పలువురు మగవాడను అర్థముగల లాటిన్ మాటనుండి తీయుదురు. కొందరు సముద్రమునుండియే తీయుదురు. తగవు తెగలేదు. అంతకంటె విచిత్రము సతు మారె నగరము. హంగరీయుల సత్మార్ అను పేరును రుమేనియనులు తమ చెవితో విని, సత్ అనగా పల్లె, మారె అనగా పెద్ద యని గ్రహించి, మన పెద్దపల్లికి సరియగు పేరుగా మలచుకొనిరి. పుట్టుకలో లేని అర్థము పిలుపులో పుట్టి, నేడు పటములలో అధికారముతో కూర్చున్నది.

రక్తసంబంధము లేని యిరుగుపొరుగులు వరుసలు కలుపుకొని మామా, అత్తా యని పిలుచుకొందురు గదా. మాటలును అట్లే కలుపుకొనునేమో! కాని వరుసలు పిలుపులో నుండును, పంపకములలో కానరావు. బహువచనమునకు వచ్చుసరికి రుమేనియనులో ఈ రెండు మారెలును విడిపోవును: పెద్ద యను మాట తన అచ్చును నిలుపుకొనును, సముద్రము మార్చుకొనును. వ్యుత్పత్తి నెఱుగని పామరుడు సైతము ఈ భేదమును తప్పడు. అయినచో భాషకు జన్మస్మృతి గలదని మురిసితిని. ఆ మురిపెమును నిలువలేదు. పుస్తకమను అర్థముగల 'కార్తె' యను నామవాచకము కూడ అదే విధముగ అచ్చును మార్చుకొనును. విడదీసినది వంశజ్ఞానము కాదు, వ్యాకరణపు అలవాటు. కలియుట యాదృచ్ఛికమైనచో విడిపోవుటయు అంతకంటె ఎక్కువ కాదు. ఆదిలో ఎవరి నోటనో సముద్రము ఆ ధ్వనితోనే ఏల పలికినదో దానికి మాత్రము కారణ మేమున్నది?

కావున వంశవృక్షమును నేను కాదనను. దానికి పెద్దఱికము మాత్రము ఈయజాలను. ఏది దేని సంతతియో అది చెప్పగలదు, ఏది దేనికి చుట్టమో చెప్పజాలదు. ఈ మాటతో మోర్ మోర్ ఒక్కటే యను నా వాదము గెలిచెనని తలంతునా, అదియు లేదు. సతు మారెలో వరుస కలిపినవారు ఆ యూరి పేరును నిత్యము పలికినవారు. మోర్ విషయమున అట్టి వరుసను వేల్సువారును కలుపలేదు, ఐర్లండువారును కలుపలేదు. వరుస కలుపు హక్కు పలుకువారిది. దూరమునుండి వినువాడనగు నాకును, పుట్టుకలు లెక్కించు పండితునకును ఆ హక్కు సమానముగనే లేదు.