సరిపడడమా, సర్దుకోవడమా?

రావికమతం నుంచి మాకు చెల్లెలి వరసయ్యే ఆమె కబురంపింది. కూతురు ఇంటర్ పాసైందట, వకీలు చదువు చదువుతానంటోందట. వైజాగ్‌లో ప్రైవేటు యూనివర్సిటీ దానికి సరిపడుతుందో లేదో వచ్చి మశ్వరా చెప్పమంది. తండ్రిది టైలరు షాపు. ఉన్నది డెబ్బయి సెంట్ల చెరకు భూమి. 2022లో ఆ ఊరు అనకాపల్లి జిల్లాలోకి పోయింది గానీ పెద్ద చదువంటే అక్కడివాళ్ళకి ఇప్పటికీ విశాఖపట్నమే.

పేపరువాళ్ళం కదా, అన్నీ తెలుసనుకుంటారు. తెలిసినంత చెప్పాం. ఇంటర్ మీద ఐదేళ్ళ లా ఒక దారి, ఏదో డిగ్రీ చేసి మూడేళ్ళ లా ఇంకో దారి. సబ్బవరంలో 2008లో పెట్టిన దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయానికి క్లాట్ రాయాలి, ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీకి లాసెట్ రాయాలి. లాసెట్‌లో షేకులకి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఉంది. అదీ కోర్టు మెట్ల మీద బతికిందే. 2007లో చట్టం చేస్తే 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది.

'ప్రైవేటులో ఇంగ్లీషు బాగా వస్తుందంట కదా మామూ' అంది పిల్ల. నిజమే కావచ్చు. హైకోర్టులో నోరు విప్పాలంటే ఇంగ్లీషే కావాలి. పట్నం వకీళ్ళ పరిచయాలూ ఊళ్ళో కూర్చుంటే రావు.

సరే, వెళ్ళి చూశాం. ఆఫీసులో ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఫీజుల కాగితం చేతికిచ్చాడు. పిల్ల తలమీది ఓణీ కేసి చూసి, 'హాస్టల్లో సర్దుకోగలవామ్మా?' అన్నాడు. రావద్దనలేదు, తీసెయ్యమనలేదు. కర్ణాటకలో ఇదే ఓణీ మీద 2022 మార్చిలో హైకోర్టు ఒక తీర్పు చెప్పింది, అక్టోబరులో సుప్రీంకోర్టు జడ్జీలిద్దరూ చెరో మాటా అన్నారు. జడ్జీలే తేల్చలేనిదాన్ని ఈయన పద్దెనిమిదేళ్ళ పిల్లని తేల్చుకోమంటున్నాడు.

మా నోటిదాకా 'వద్దు' వచ్చింది. ఎందుకొచ్చిందో మమ్మల్ని మేమే అడుక్కోవాల్సి వచ్చింది. ఫీజు చూసి కాదు, ముందు భయమేసింది. ఆడపిల్ల, ఓణీ, పట్నం, ఈ రోజులు! మా భయాన్ని మేం ఒప్పుకోకుండా 'నీకు సరిపడదు' అని దాని నెత్తిన పెట్టబోయాం. 1989లో సుప్రీంకోర్టుకి తొలి మహిళా జడ్జి అయిన ఫాతిమా బీవీ చదివింది తిరువనంతపురం ప్రభుత్వ లా కాలేజీలో. ఆమెను లా వైపు తోసింది తండ్రే.

ఫీజు మాటకొస్తే, ఐదేళ్ళకీ ఆ చెరకు భూమి చాలదు. భూమి అమ్మి, పైన అప్పు చేసి వకీలైన పిల్ల చోడవరం కోర్టులో భూమి పోగొట్టుకున్నవాడి కేసు ఎంతకి పడుతుంది? ఆ కేసులో ఫీజు పుట్టదు, అప్పు వాయిదా మాత్రం ఆగదు. ఎవరి పక్షాన నిలబడాలో చదువు పూర్తికాకముందే అప్పు తేల్చేస్తుంది. ఇలా అనుకుంటూనే సిగ్గుపడ్డాం. చదివి కౌమ్‌కి ఏం చేస్తావని ఉన్నవాడి కొడుకుని ఎవరడుగుతారు? టైలరు కూతుర్ని మాత్రం మేమే అడుగుతున్నాం.

మా మాట కోర్టులో ఎప్పట్నుంచో ఉంది. వకీలు, వకాల్తా, దావా, జామీను, దస్తావేజు, అన్నీ మా ఇళ్ళల్లోని మాటలే. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపించుకున్నవాడైపోయాడు. చెబితే పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు.

చివరికి మేం చెప్పింది ఇంతే. భూమి అమ్మొద్దు. లాసెట్ రాయనివ్వండి. ర్యాంకు రాకపోతే దగ్గర్లో డిగ్రీ చదివి మూడేళ్ళ లా చేస్తుంది. ఎక్కడ చదివినా చివర్లో బార్ కౌన్సిల్ పరీక్ష అందరికీ ఒకటే. ప్రైవేటులో ఎవరైనా ఫీజు లేని సీటిస్తే, ఓణీతోనే వెళ్తుంది.

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. చోడవరం వస్తుండగా అడిగింది:

'నువ్వు సర్దుకోగలవా అని ఆయన నన్నడిగాడు. మీరు సర్దుకోగలరా అని మీరు ఆయన్నెందుకు అడగలేదు మామూ?'