పంచవలసినదాన్ని దాచుకోవడం

జిల్‌హజ్ నెలవంక కనిపించిన నాటి నుంచి ముస్లిం వాడల్లో మాటలన్నీ పొట్టేళ్ల చుట్టూ, మేకపోతుల చుట్టూ తిరుగుతాయి. దాని బరువెంత, పళ్లు వేసిందా లేదా, ఏ సంతలో ఎంతకు దొరికింది అని ఎంతో శ్రద్ధగా విచారించే కుటుంబాలలో కూడా, ఆ మాంసం ఎవరి ఇంటికి ఎంత చేరాలన్న విచారణ అంత శ్రద్ధగా సాగడం లేదు. ఫిఖ్హ్ గ్రంథాలను, అంటే ఇస్లామీయ ధర్మశాస్త్ర గ్రంథాలను, నిదానంగా చదివినవారు ఈ విషయంలో ఒకటి గమనిస్తారు. పశువును ఎంచుకొనేటప్పుడు యజమానికి చాలా వెసులుబాటు ఇచ్చిన ఆ నియమాలు, జిబహ్, అంటే దైవనామంతో పశువును కోయడం, పూర్తయిన మరుక్షణం నుంచి అతడి చేతిని కట్టివేస్తాయి: మాంసాన్ని అమ్మరాదు, కూలికి బదులుగా ఇవ్వరాదు, తోలు మీద లాభం తీయరాదు, పేదవాణ్ణి మరువరాదు. తన సొమ్ముతో కొన్న పశువు మీద తన పెత్తనాన్ని వదులుకోవడమే ఖుర్బానీలోని, అంటే బక్రీద్ బలిలోని, అసలు సాధన అని ఈ నిషేధాలన్నీ కలిసి చెబుతున్నాయి.

హజ్రత్ ఇబ్రాహీం (అలై) కన్న కల, ఆ కలను ఆయన కుమారుడికి చెప్పి అభిప్రాయం అడిగిన తీరు, ఆ కుమారుడు వెనుకాడక తలవంచిన తీరు తెలియని ముస్లిం ఇల్లు ఉండదు గనుక ఆ గాథను ఇక్కడ మళ్లీ చెప్పవలసిన పని లేదు. అయితే ఖుర్ఆన్ 37వ సూరా అస్సాఫ్ఫాత్‌లోని ఆ ఘట్టంలో సంఘటనల వరుసను గమనించాలి: కుమారుడికి బదులుగా బలిపశువు వచ్చిందన్న ప్రస్తావన కంటే ముందే, ఇబ్రాహీం (అలై) తన కలను నిజం చేశారన్న దైవప్రకటన వెలువడింది. 22వ సూరా అల్‌హజ్‌లో అల్లాహ్ మరింత స్పష్టంగా, బలి ఇచ్చిన పశువుల మాంసం గాని రక్తం గాని తనకు చేరదని, విశ్వాసుల తఖ్వా, అంటే దైవభీతితో కూడిన నిష్ఠ మాత్రమే తనకు చేరుతుందని తెలియజేశాడు. ఇస్లాంకు పూర్వం అరబ్బులు బలిపశువు రక్తాన్ని కాబా గృహానికి పూసేవారని, ఆ ఆచారాన్ని ఈ వాక్యం తోసిపుచ్చిందని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. మాంసం దైవానికి చేరదని చెప్పిన ఆ సూరాయే, అది ఎవరికి చేరాలో కూడా చెప్పింది: చేయి చాచి అడిగే పేదకు, అవసరం ఉండి కూడా అడగకుండా సరిపెట్టుకొనే పేదకు. ఆ రెండో పేద తనంతట తాను గుమ్మం ముందుకు రాడు గనుక, అతణ్ణి వెతికి వెళ్లవలసిన బాధ్యత ఇచ్చేవాడి మీదనే పడుతుంది.

ఖుర్బానీ ఎవరి మీద విధి అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదం ఉంది. హనఫీ సంప్రదాయంలో అది వాజిబ్, అంటే వదిలిపెడితే దోషం అంటుకొనే విధి. షాఫియీ, హంబలీ సంప్రదాయాలలోను, మాలికీలలో ప్రసిద్ధమైన అభిప్రాయంలోను అది సున్నతె ముఅక్కదా, అంటే ప్రవక్త (స) గట్టిగా ప్రోత్సహించిన ఆచరణ. ప్రజలు దీన్ని తప్పనిసరి విధిగా భావిస్తారేమోనన్న జాగ్రత్తతో హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజి) కొన్నిసార్లు ఖుర్బానీ ఇవ్వకుండా ఉండేవారన్న ఉల్లేఖనం రెండో పక్షానికి ఆధారాలలో ఒకటి. తెలుగు రాష్ట్రాల ముస్లింలలో హనఫీలే ఎక్కువ. హైదరాబాదులోని బార్కస్ వంటి చోట్ల స్థిరపడిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు షాఫియీలు. హనఫీల లెక్కలో, అప్పులు, నిత్యావసరాలు పోగా నిసాబ్‌కు సరిపడే సంపద, అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువ, పండుగ రోజులలో చేతిలో ఉన్న ప్రతి వయోజనుడూ, ప్రయాణంలో లేనట్లయితే, ఖుర్బానీ ఇవ్వాలి. జకాత్‌కు మాదిరిగా ఆ సంపద ఏడాది పాటు నిలిచి ఉండవలసిన అవసరం ఇక్కడ లేదు. ఆ స్తోమత లేనివాడు పరువు కోసం అప్పుచేసి పొట్టేలు కొనాలని ఏ సంప్రదాయమూ చెప్పలేదు.

పశువుకు సంబంధించిన హనఫీ నియమాలు సూటిగా ఉంటాయి. మేకకు ఏడాది, ఆవు, గేదె జాతికి రెండేళ్లు, ఒంటెకు అయిదేళ్లు నిండాలి. గొర్రె ఆరు నెలలదైనా ఏడాది దానిలా పుష్టిగా కనిపిస్తే చెల్లుతుందని హనఫీలు అంగీకరించారు. గొర్రె, మేక ఒక్కరి తరఫున; పెద్ద పశువులో ఏడుగురి వరకు హిస్సా, అంటే భాగస్వామ్యం తీసుకోవచ్చు. ఆవుల వధను నిషేధించిన 1977 నాటి చట్టం తెలుగు రాష్ట్రాలలో అమలులో ఉంది, గొర్రెతోనో మేకతోనో ఖుర్బానీ సంపూర్ణంగా నెరవేరుతుంది గనుక ఈ విషయంలో ధర్మానికీ చట్టానికీ పేచీ లేదు. ఏడుగురిలో ఏ ఒక్కరి నియ్యత్, అంటే సంకల్పం, ఆరాధన కాక కేవలం మాంసం కోసమే అయినా మిగతా ఆరుగురి ఖుర్బానీ కూడా చెల్లదని హనఫీ ధర్మవేత్తలు తీర్పు చెప్పారు. ధర కుదిరింది కదా అని ఎవరెవరితోనో హిస్సాలు కలిపేవారు ఈ తీర్పును ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

స్పష్టంగా కన్నుపోయినది, రోగం బయటపడినది, కుంటిది, ఎముకల్లో మూలుగ సైతం లేనంతగా చిక్కిపోయినది ఖుర్బానీకి పనికిరావని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతుంది. అదే పశువు పట్ల చూపవలసిన దయను గురించి ప్రవక్త (స) చేసిన బోధ ఇంకా లోతైనది. కత్తికి పదును పెట్టుకొని పశువుకు బాధ తగ్గించాలని ఆయన ఆదేశించారు. ఒక వ్యక్తి పశువును పడుకోబెట్టి దాని కళ్లెదుటే కత్తి నూరుతుంటే, దాన్ని రెండుసార్లు చంపదలచావా అన్న భావంతో మందలించారు. ఒక పశువు చూస్తుండగా మరొకదాన్ని జిబహ్ చేయడాన్ని ధర్మవేత్తలు అనుచితంగా పరిగణించారు. ఇరుకు వీధిలో వరుసగా కట్టేసి, పిల్లల కేకల మధ్య, చేతి ఫోన్లలో చిత్రాలు తీస్తూ సాగించే జిబహ్‌లో ఈ బోధ ఎంతవరకు మిగిలి ఉందో ఆ వీధివారే ఆలోచించాలి.

జిబహ్ సమయం జిల్‌హజ్ 10న ఈద్ నమాజ్ తరువాతనే మొదలై, హనఫీల ప్రకారం 12వ తేదీ సూర్యాస్తమయం వరకు, షాఫియీల ప్రకారం 13వ తేదీ సూర్యాస్తమయం వరకు ఉంటుంది. హజ్రత్ అబూ బుర్దా (రజి) అనే సహాబీ, అంటే ప్రవక్త (స) సహచరుడు, నమాజ్‌కు ముందే గొర్రెను కోసి వచ్చినప్పుడు, అది మాంసం కోసం కోసిన గొర్రె మాత్రమేనని ప్రవక్త (స) తేల్చి చెప్పి, మరొకదాన్ని ఇమ్మన్నారు. అదే పశువు, అదే చేయి, అదే దైవనామం. వేళ తప్పినందుకు ఆరాధన వంటకంగా మారింది.

పండుగ నాటి సాయంత్రానికల్లా మాంసం మొత్తం ఇంటి ఫ్రీజర్లోకి వెళ్లిపోవడం కూడా అటువంటి మార్పే కదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. మాంసాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు ఇవ్వడం ముస్తహబ్, అంటే మెచ్చదగిన పద్ధతి. కుటుంబం పెద్దదైతే ఎక్కువ ఉంచుకొన్నా దోషం లేదని హనఫీ గ్రంథాలలో ఉన్న వెసులుబాటును ఇప్పుడు కలిగిన ఇళ్లు సైతం ఆశ్రయిస్తున్నాయి. తొడ, చాప్‌లు ఇంటికి, కొవ్వూ ఎముకలూ గుమ్మం ముందు నిలబడినవారికి అన్న విభజన నియమాన్ని అక్షరంలో ఉంచి ఆశయంలో చంపుతుంది. కన్నుపోయిన పశువును దైవానికి ఇవ్వరాదని నమ్మేవాడు, తాను తినని ముక్కను ఆ దైవం పేరిట పేదకు ఎలా ఇవ్వగలుగుతున్నాడు?

ఈ దాచుకోవడం గురించి ప్రవక్త (స) కాలంలోనే ఒక ముఖ్యమైన ఉదంతం ఉంది. ఒక ఏడాది కరవు పీడితులైన ఎడారివాసులు కొందరు మదీనాకు చేరుకోగా, ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఎవరూ నిల్వ ఉంచరాదని ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. మరుసటి ఏడాది కూడా అలాగే చేయాలా అని సహాబాలు అడిగినప్పుడు, తినండి, తినిపించండి, నిల్వ ఉంచుకోండి అని అనుమతించి, నిరుటి నిషేధం ఆ పేదల కష్టాన్ని బట్టి విధించినదని వివరించారు. హజ్రత్ ఆయిషా, హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ఉల్లేఖనాలలో ఉన్న ఈ ఉదంతాన్ని ఇమామ్ షాఫియీ తమ 'రిసాలా' గ్రంథంలో చర్చిస్తూ, అటువంటి ఆర్తులు మళ్లీ వచ్చి చేరితే నిషేధం మళ్లీ వర్తిస్తుందన్న అన్వయాన్ని పరిశీలించారు. నేడు నిల్వ ఉంచుకోవడానికి అనుమతి ఉందన్నది సాధారణ నిర్ణయమే. కాని ఆ అనుమతి వెనుక ఒక షరతులాంటి కారణం ఉంది, ఆ ఏడాది మదీనాలో ఆకలి తగ్గింది. పండుగ నాడు కూడా పొయ్యి మీద మాంసం ఎక్కని ఇల్లు తన వీధిలో ఒక్కటైనా ఉన్నంత కాలం, నెలల తరబడి సరిపడేలా గడ్డకట్టించిన మాంసానికి ఆ అనుమతిని ఆధారంగా చూపడం న్యాయం కాదు. కరెంటు సౌకర్యం లేని కాలంలో మాంసాన్ని ఎండబెట్టి దాచడం శ్రమతో కూడిన పని గనుక పంచడమే తేలికయ్యేది. ఫ్రీజర్ ఆ శ్రమను తొలగించి, దానితో పాటు పంచే అలవాటును కూడా తొలగిస్తున్నది.

పొరుగువాడు ముస్లిమేతరుడైనా ఈ మాంసం ఇవ్వవచ్చునని హనఫీ, హంబలీ ధర్మవేత్తలు అంగీకరించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట గొర్రెను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన ఇంటివారిని పదేపదే అడిగిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. తినే అలవాటూ ఇష్టమూ ఉన్న పొరుగువారికి గౌరవంగా పంపడం, తిననివారి గుమ్మం పక్కన శుభ్రత పాటించడం, ఈ రెండూ పొరుగువాడి హక్కులోనివే.

స్వయంగా చేయలేనివారు వకాలత్, అంటే ప్రతినిధిని నియమించే పద్ధతి ద్వారా మరొకరి చేత జిబహ్ చేయించడం ధర్మసమ్మతమే. మీనా మైదానంలో ఒకప్పుడు హాజీల బలిపశువుల మాంసం వృథా అయ్యేది. 1983లో ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంక్ నిర్వహణలో మొదలైన పథకం ద్వారా ఆ మాంసం పలు దేశాల పేదలకు చేరడం ఈ పద్ధతికి గొప్ప ఉదాహరణ. హిస్సా డబ్బు పంపి, పశువు ఏ పేదల ఊళ్లో కోయబడిందో తెలుసుకొనేవాడు, ఇంట కోసి ఇంటనే దాచుకొనేవాడి కంటే ఖుర్బానీ ఆశయానికి దగ్గరగా ఉన్నాడు.

ఆడంబరం కొత్త జబ్బేమీ కాదు. ప్రవక్త (స) కాలంలో ఖుర్బానీలు ఎలా ఉండేవని హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)ను అడిగినప్పుడు, ఒక మనిషి తన తరఫునా ఇంటిల్లిపాది తరఫునా ఒక్క గొర్రెను ఇచ్చేవాడని, వారు తిని ఇతరులకు తినిపించేవారని, తరువాత జనం గొప్పలకు పోయి ఈ స్థితికి వచ్చారని ఆయన బాధపడ్డారు. ప్రవక్త (స) తాము ఇచ్చిన రెండు పొట్టేళ్లలో ఒకదాన్ని తమ సముదాయంలో ఖుర్బానీ ఇవ్వలేనివారి తరఫున సమర్పించారు. నాలుగు పొట్టేళ్లు ఒకే ఇంటి ముందు కట్టి చిత్రాలు పంపుకొనేవారు, తమ వాడలో ఇవ్వలేని నాలుగు ఇళ్లేవో ముందుగా లెక్కవేసుకోవాలి.

చివరగా తోలు మాట. అంతిమ హజ్‌లో వంద ఒంటెలను సమర్పించినప్పుడు ప్రవక్త (స) 63 ఒంటెలను స్వహస్తాలతో జిబహ్ చేసి, మిగిలినవాటిని హజ్రత్ అలీ (రజి)కి అప్పగించారు. మాంసం, తోళ్లు, వాటి మీద కప్పిన వస్త్రాలు సైతం దానం చేయమని, కసాయికి కూలిగా అందులోంచి ఏదీ ఇవ్వవద్దని, కూలి వేరుగా చెల్లించాలని ఆదేశించారు. కసాయి పేదవాడైతే కూలి ముట్టజెప్పిన తరువాత దానంగా ఇవ్వడానికి అడ్డులేదు. తోలును ఇంట వాడుకోవచ్చు, దానం చేయవచ్చు; అమ్మితే ఆ సొమ్ము పేదలదే అవుతుంది. మదరసాలలో చదువుకొనే పేద విద్యార్థుల ఖర్చుకు ఎంతో కాలం ఆసరాగా నిలిచిన తోళ్లు, ధర పడిపోయిందన్న సాకుతో ఇప్పుడు చెత్తకుప్పల్లో కనిపిస్తున్నాయి. ధర పడిపోయినంత మాత్రాన అది యజమాని పారవేసే హక్కున్న వస్తువుగా మారదు; ఉప్పు పట్టించి, కుళ్లకముందే, అదే రోజు తీసుకొనేవారికి చేర్చే పని ఖుర్బానీ ఇచ్చినవాడిదే గాని, కోసి వెళ్లిపోయే కసాయిది కాదు.