సంతోషానికి రెండు క్రియలు

మా అక్క హోసూరు నుంచి రోజూ బెంగళూరుకు పనికి పోతుంది. కంపెనీలో స్పానిష్ నేర్చుకోమన్నారని ఒక పుస్తకం తెచ్చుకుంది. రాత్రిపూట అక్క గట్టిగా చదువుతుంటే నాకూ కొన్ని మాటలు వచ్చేశాయి. వాటిలో ‘ఫెలిస్’ అనే మాట నన్ను వదల్లేదు. సంతోషంగా ఉన్న మనిషి అని అర్థం. సంతోషం అంటే ‘ఫెలిసిదాద్’. పుట్టినరోజు నాడు దాన్నే బహువచనం చేసి ‘ఫెలిసిదాదెస్’ అంటారు, మనం శుభాకాంక్షలు అన్నట్టు.

స్పానిష్‌లో ‘ఉండు’ అనడానికి సెర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి. మనిషి ఎటువంటివాడో చెప్పడానికి సెర్, ఇప్పుడు ఎలా ఉన్నాడో చెప్పడానికి ఎస్తార్. ‘సోయ్ ఫెలిస్’ అంటే నా బతుకే సంతోషమైనది అని. ‘ఎస్తోయ్ ఫెలిస్’ అంటే ఈ పూటకి సంతోషంగా ఉన్నాను అని. మనం రెండింటికీ ‘సంతోషంగా ఉన్నాను’ అనే అంటాం. అట్లని తెలుగులో ఈ తేడా అసలు లేదనుకోవద్దు. ‘ఆయన మంచివాడు’ అంటే క్రియే రాదు, ‘ఆయన బాగున్నాడు’ అంటే వస్తుంది. వ్యాకరణం క్లాసులో ఇది నాకు తట్టనేలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆషాఢంలో మా తాత చనిపోయాడు. ఇరవై రోజులు కూడా కాకముందే కబడ్డీలో మా జట్టు గెలిచింది. నేను ఎగిరి గంతేశాను, గొంతు పోయేలా అరిచాను. ఇంటికొచ్చి వాకిట్లో తాత చెప్పులు చూశాక తప్పు చేసినట్టు అనిపించింది. తాత మీద ప్రేమ ఉంటే అంత నవ్వు ఎట్లా వచ్చింది? అక్కకు చెప్తే, “అది ఎస్తార్ రా, సెర్ కాదు” అంది. కొంచెం తేలికయింది. కానీ మాట అడ్డం పెట్టుకొని తప్పించుకుంటున్నానేమో అనే అనుమానం పోలేదు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. చనిపోయి ఉన్నాడు అనడానికి స్పానిష్‌లో ‘ఎస్తా ముయెర్తో’ అంటారు. పోయినవాళ్ళు తిరిగి రారు కదా, దానికి ఎస్తార్ ఏంటి అని అడిగాను. అక్క మరుసటి రోజు వాళ్ళ సార్‌ను అడిగి వచ్చింది. కొన్నాళ్ళా, ఎప్పటికీనా అన్నది కాదంట లెక్క. ఒక మార్పు వల్ల వచ్చిన స్థితికి ఎస్తార్ అంట. అంటే చావు తాతకు జరిగిన మార్పు. ఆయన ఎటువంటివాడన్నది వేరే సంగతి.

మరి ఆయన ఎటువంటివాడు? నాయన చదువు కోసం అరెకరం అమ్మాడు. మిగిలిన దాంట్లో గులాబీలు పెట్టాడు. ధర పడిపోయిన రోజు మూటలు మూటలుగా పారబోసి వచ్చేవాడు. ఆయన సంతోషమైన మనిషేనా అని అవ్వను అడిగాను.

“సంతోషమేందిరా? పూలు పారబోసిన రోజు కూడా సంగటి అడిగి తినేవాడు. తెల్లారితే కత్తెర తీసుకొని తోటకు పోయేవాడు. అమ్మిన భూమి మాట మాత్రం నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు” అంది.

అది సంతోషమో, ఓర్పో నాకు తేలలేదు. ‘ఫెలిస్’ లాటిన్‌లోని ‘ఫెలిక్స్’ నుంచి వచ్చింది. ఫలించేది, కాయలు కాసేది అని దానికి పాత అర్థం. ఆ లెక్కన తాత ఫెలిసే. కానీ కాయలు తిన్నది మేము. చెట్టుకు ఎట్లా ఉందో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

నిన్న రాత్రి నాయన పక్కన కూర్చొని, “నువ్వు సంతోషంగా ఉన్నావా నాయనా?” అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఏం, డబ్బులేమైనా కావాల్నా?” అన్నాడు.