ఏ పోర్టులో ఉన్నావు?

మొన్న ఆఫీసులో ఒక చిన్న పని పడింది. ఒకే కంప్యూటర్‌కి నాలుగు వేలిముద్రల రీడర్లు తగిలించి, ఒక్కోదాన్ని ఒక్కో వర్చువల్ మెషీన్‌కి అప్పగించాలి. నాలుగూ ఒకే మోడల్. యూఎస్‌బీ పరికరం ప్రతిదానికీ తయారీదారు నంబరొకటి, మోడల్ నంబరొకటి ఉంటాయి. ఆ రెండూ రాసిస్తే లిబ్‌వర్ట్ ఒప్పుకోలేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి, ఏదో చెప్పమంది. సీరియల్ నంబరు చూద్దామంటే, ప్రమాణంలో అది తప్పనిసరి కాదు, మా చవక రీడర్లలో లేదు. డివైస్ నంబరేమో తీసి గుచ్చినప్పుడల్లా మారిపోతుంది. ఆఖరికి క్యూఎముకి ఫలానా బస్, ఫలానా పోర్టు అని చెప్పి గట్టెక్కాను. అంటే నువ్వెవరో నాకు తెలీదు, ఎక్కడున్నావో తెలుసు అని.

అన్ని విధాలా ఒకేలా ఉండే రెండు వస్తువులు ఉండవన్నాడు లైబ్నిజ్. 1952లో మాక్స్ బ్లాక్ దానికి అడ్డు ప్రశ్న వేశాడు: అచ్చం ఒకేలాంటి రెండు గోళాలు తప్ప ఇంకేమీ లేని విశ్వం ఉందనుకోండి, వాటిలో ‘ఇది’ ఏది? అక్కడ ఎడమ, కుడి అనడానికైనా మూడోది ఒకటి ఉండాలి. నా రీడర్లకి ఆ మూడోది హబ్.

ఇది రాస్తుంటే పలాసలో మా పిన్ని గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టింది. పిక్క తొక్కులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేలి గీతల్ని అరగదీస్తుంది. రేషన్‌కి వెళ్తే మెషీన్ ‘సరిపోలలేదు’ అంటుంది. “యేలు గీతలు జీడి తినీసింది రా. నాను మాత్రం ఇక్కడే ఉన్నాను కదా!” అంటుంది పిన్ని.

రెండు మెషీన్లూ గుర్తుపట్టలేకపోయాయి. కానీ ఒకటి, నాకు తేల్చుకోవడం రావట్లేదు, నువ్వే చెప్పు అంది. రెండోది, నువ్వు నువ్వు కాదు అంది. మొదటిది తన చేతకానితనాన్ని ఒప్పుకుంది, రెండోది దాన్ని పిన్ని నెత్తిన పెట్టింది. నాకు ఇది నైతికమైన తేడాగానే కనిపిస్తుంది.

మరి రోజూ చూసే డీలర్ మాట చాలదా? పిన్నికి ఆ మూడోది అతనే కదా? నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ పోర్టు మార్చి గుచ్చితే నా రీడర్ ఆ మెషీన్‌కి లేనట్టే. ఒకదాని చోట ఇంకొకటి గుచ్చితే మెషీన్ దాన్నే నమ్మేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. అంతకుముందూ ఆ తర్వాతా ఇక్కడి జనం విశాఖకీ, హైదరాబాదుకీ, చెన్నైకీ వలసపోతూనే ఉన్నారు. చోటుని బట్టే మనిషిని గుర్తిస్తే, ఊరు దాటినవాడు ఎవరూ కాడు. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ అలాంటివాళ్ల కోసమే, అదీ నడిచేది వేలిముద్ర మీదే.

కాబట్టి వేలిముద్ర వద్దనను, ఊరి గుర్తింపే మేలనీ అనను. గుర్తుపట్టడానికి ఏ ఒక్క దారీ చాలదు. ఒకటి మూసుకుంటే ఇంకోటి తెరిచి ఉండాలి: కనుపాప, ఓటీపీ, అవీ కుదరకపోతే ఒక మనిషి సంతకం. ఈలోగా రుజువు చేసుకునే భారం మాత్రం బియ్యం కోసం నిలబడ్డ మనిషిది కాకూడదు.

మా రీడర్లకి ఇప్పుడు స్టిక్కర్లు అంటించాం, ఏది ఏ పోర్టుదో. పరీక్షించడానికి వేలు పెట్టిన ప్రతిసారీ పచ్చ లైటు వెలుగుతుంది. నేనెప్పుడూ జీడిపిక్కలు కొట్టలేదు మరి.